పురుగు ఇంట్లో ఉంటే శిక్ష కుక్కకా?

వానాకాలం వచ్చిందంటే మన వీధుల్లో ఒక శిక్ష మొదలవుతుంది. ఇంట్లో ఎవరికో కాలి మడమల దగ్గర ఎర్రగా దద్దుర్లు లేస్తాయి. రాత్రంతా గోక్కుంటారు. పొద్దున లేవగానే అందరి చూపూ కుక్క మీదికి పోతుంది. "దీనికి పేలు పట్టాయి. దీన్ని ఇంట్లో పెట్టుకుంటే ఇంతే" అంటారు. ఆ తర్వాత జరిగేవి మూడే. ఒకరు కిరోసిన్ తెచ్చి కుక్క వీపు మీద పోస్తారు. ఇంకొకరు ఫోన్‌లో చూసి, నేచురల్ అని పేరున్న నూనెలన్నీ దానికి పూస్తారు. మూడో రకం వాళ్ళు దాన్ని గోనెసంచిలో వేసుకుని ఊరి బయట చెరువుగట్టు దాకా తీసుకెళ్ళి వదిలేసి వస్తారు.

ఈ ముగ్గురూ తప్పు చేస్తున్నారని నా వాదన. మొదటి వాళ్ళది క్రూరమైన తప్పు, రెండో వాళ్ళది తెలియని తప్పు, మూడో వాళ్ళది చట్టం కూడా ఒప్పుకోని తప్పు. కానీ ముగ్గురి తప్పుకూ మూలం ఒక్కటే. పురుగును వెతకాల్సిన చోట వెతకడం లేదు. పురుగు ఉండేది మన ఇంట్లో. శిక్ష పడేది కుక్కకు.

ముందు అది ఏ పురుగో తెలుసుకోవాలి

మనం కుక్క ఒంటి మీద కనిపించే ప్రతిదాన్నీ పేలు అనో, గోమార్లు అనో అనేస్తాం. నిజానికి అవి వేరువేరు. గోమారుకు ఎనిమిది కాళ్ళు ఉంటాయి. చర్మానికి గట్టిగా కరుచుకుని, రక్తం తాగి కందిగింజలా ఉబ్బుతుంది. పిడుదు అని కూడా అంటారు. మామూలు పేను వెంట్రుకను పట్టుకుని మెల్లగా పాకుతుంది. మూడోది ఇంకొకటి ఉంది. ఎర్రమట్టి రంగులో, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు, పక్కల నుంచి నొక్కినట్టు పలచని ఒళ్ళు, ఆరు కాళ్ళు. రెక్కలు లేవు. పట్టుకోబోతే టక్కున గెంతి మాయమవుతుంది. తన పొడవుకు దాదాపు వంద రెట్ల దూరం గెంతగలదు. పశువుల డాక్టర్లు దీన్ని ఫ్లీ అంటారు. మా హోసూరు వైపు తమిళం మాట్లాడే వాళ్ళు తెళ్ళుపూచ్చి అంటారు, కన్నడం వాళ్ళు చిగట అంటారు. మన ఇళ్ళల్లో మాత్రం దానికి గట్టి పేరు వాడుకలో లేదు. అందుకని ఈ వ్యాసంలో గెంతే పేను అని రాస్తాను.

ఇంకో విషయం. కుక్కల మీద ఎక్కువగా కనిపించే గెంతే పేనుకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు పిల్లి ఫ్లీ. పిల్లికీ కుక్కకూ అదే పడుతుంది. కాబట్టి "మాది పిల్లి, దానికి కుక్క పేలు రావు" అని ధీమాగా ఉండటానికి లేదు.

ఇది ఉందో లేదో తెలుసుకోవడానికి డబ్బు ఖర్చు అక్కర్లేదు. కుక్కను తెల్లగుడ్డ మీద నిలబెట్టి, తోక మొదలు దగ్గర వెంట్రుకలను వేళ్ళతో రుద్దండి. మిరియాల పొడి లాంటి నల్లటి నలుసులు రాలితే, వాటి మీద రెండు చుక్కల నీళ్ళు వేయండి. మామూలు మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. ఎర్రగా రక్తం రంగు దిగితే అది గెంతే పేను పెంట. అది తాగేది రక్తం, విసర్జించేదీ ఎండిన రక్తమే. ఇల్లు పరీక్షించాలంటే యూనిఫాం తెల్ల సాక్సులు మోకాళ్ళ దాకా లాక్కుని, కుక్క పడుకునే గదిలో పది నిమిషాలు తిరగండి. ఉంటే వచ్చి సాక్సుల మీద పడతాయి. తెలుపు మీద బాగా కనిపిస్తాయి.

లెక్క చూస్తే దొంగ ఎక్కడున్నాడో తెలుస్తుంది

గెంతే పేను జీవితంలో నాలుగు దశలు ఉన్నాయి. గుడ్డు, పురుగుపిల్ల, గూడు, పెద్ద పురుగు. ఎనిమిదో తరగతిలో పట్టుపురుగు బొమ్మ గీసిన వాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

పెద్ద పురుగు కుక్క మీద ఉండి రక్తం తాగుతుంది. ఆడది రోజుకు 20 నుంచి 40 దాకా గుడ్లు పెడుతుంది. తల పేను ఈపి లాగా ఆ గుడ్డు వెంట్రుకకు అతుక్కోదు. నున్నగా ఉంటుంది కాబట్టి జారి కింద పడుతుంది. కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ ఒళ్ళు విదిలిస్తే అక్కడ. ఆ గుడ్డులోంచి తెల్లటి దారప్ముక్క లాంటి పురుగుపిల్ల వస్తుంది. దానికి వెలుతురు పడదు. గోనెపట్టా మడతల్లోకి, మంచం కింద మూలకు, గచ్చు పగుళ్ళలోకి దూరుతుంది. పైనుంచి రాలిన ఆ ఎండు రక్తమే దాని భోజనం. గాలిలో తేమ ఉంటేనే బతుకుతుంది, ఎండ తగిలితే ఎండి చస్తుంది. వానాకాలంలో ఇవి ఎందుకు పెరుగుతాయో ఇప్పుడు తెలిసింది కదా. కొన్నాళ్ళకు అది దుమ్ము అంటించుకుని గూడు కట్టుకుంటుంది. వెచ్చగా, తేమగా ఉంటే మొత్తం మూడు వారాల్లో మళ్ళీ పెద్ద పురుగు తయారు.

చిన్న లెక్క వేద్దాం. కుక్క మీద పది ఆడ పురుగులే ఉన్నాయనుకోండి. రోజుకు ఒక్కొక్కటీ 20 గుడ్లే పెట్టాయనుకోండి. రోజుకు 200. వారానికి 1,400. ఆ 1,400 కుక్క మీద లేవు. మీ చాప కింద ఉన్నాయి. పశువైద్యులు మామూలుగా చెప్పే లెక్క కూడా ఇదే. వందలో అయిదు పెద్ద పురుగులై జంతువు మీద ఉంటే, మిగతా 95 గుడ్లుగా, పిల్లలుగా, గూళ్ళుగా ఇంట్లోనే ఉంటాయి.

ఇప్పుడు చెప్పండి. అయిదింటి కోసం కుక్క చర్మం కాల్చి, తొంభై అయిదింటిని పరుపు కింద పెట్టుకుని నిద్రపోవడం ఏం తెలివి? ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు అని సామెత ఉంది. మనవాళ్ళు దాన్ని కూడా మించిపోయారు. ఇంట్లో ఎలుకల మీద కోపంతో వాకిట్లో కుక్కకు నిప్పు పెడుతున్నారు.

కిరోసిన్ పోసేవాళ్ళకు

మా వీధిలో ఒక కుక్కపిల్ల ఉండేది. నాలుగు నెలలది. దానికి పేలు పట్టాయని ఒకాయన గుడ్డను కిరోసిన్‌లో ముంచి ఒళ్ళంతా తుడిచాడు. సాయంత్రానికి అది వణుకుతూ గోడ మూలకు చేరింది. పొట్ట దగ్గర చర్మం ఎర్రగా పొక్కింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎలాగో బతికింది. ఆయన మాత్రం "చూశారా, పేలు పోయాయి" అని గొప్పగా చెప్పుకున్నాడు. మూడు వారాల తర్వాత ఆ ఇంట్లో పిల్లలకు మళ్ళీ దద్దుర్లు.

కిరోసిన్ చర్మాన్ని పొక్కిస్తుంది. కుక్క, పిల్లి ఒళ్ళు నాకి శుభ్రం చేసుకునే జంతువులు. పైన పూసిందంతా చివరికి నోట్లోకి పోతుంది. కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. పొయ్యి, దీపం ఉన్న ఇంట్లో కిరోసిన్ పూసిన జంతువు తిరిగితే ఏం జరగొచ్చో నేను రాయక్కర్లేదు.

చీమల మందు పొడి చల్లేవాళ్ళు కూడా ఈ వరసలోనే వస్తారు. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఏ పురుగుల పొడినైనా గమాక్సిన్ అనే పిలుస్తారు. అసలు గమాక్సిన్ అంటే బి.హెచ్.సి. అనే విషం. దాన్ని మన దేశంలో 1997లోనే నిషేధించారు. పేరు మాత్రం మన నోట్లో మిగిలిపోయింది. ఆ పేరుతో అంగట్లో ఏ పొడి ఇస్తే అది తెచ్చి కుక్క మీదా, పసిపిల్లలు పాకే గచ్చు మీదా చల్లుతున్నాం. పొట్లం మీద ఏం రాసి ఉందో చదివేవాళ్ళు ఎంతమంది?

"మా తాతల కాలం నుంచి ఇట్లే చేస్తున్నాం, ఏ కుక్కా చావలేదు" అంటారు. చావకపోవడమే మంచి వైద్యానికి గుర్తు అయితే, మన జ్వరానికి కూడా కిరోసినే రాసుకోవచ్చు కదా?

ఆకు అయితే చాలు అనేవాళ్ళకు

వీళ్ళతో వాదించడం నాకు కష్టం. ఎందుకంటే వీళ్ళది మంచి మనసు. జంతువుకు బాధ కలగకూడదనే వీళ్ళు సహజమైన మందు వెతుకుతారు. కానీ ఒక మాట అడుగుతాను. సహజం అంటే హాని లేనిది అని ఎవరు చెప్పారు?

పొగాకు ఆకే. ఉమ్మెత్త కాయ మన కంచె పక్కనే కాస్తుంది. గన్నేరు దేవుడికి పెట్టే పువ్వు. వీటిని కషాయం కాచి తాగండి అంటే తాగుతారా? పొగాకు కషాయం పశువుల ఒంటికి పూయడం పల్లెల్లో పాత అలవాటు. అందులో ఉండే నికోటిన్ పురుగును చంపుతుంది నిజమే, చర్మంలోంచి ఇంకి కుక్కపిల్లను కూడా చంపగలదు.

వెల్లుల్లి సంగతి చూడండి. మా వైపు తెల్లగడ్డ అంటాం. కుక్క అన్నంలో తెల్లగడ్డ నలిపి కలిపితే రక్తం వాసనకు పేలు దగ్గరికి రావని చెప్తారు. కానీ ఉల్లి, వెల్లుల్లి కుక్కల్లోనూ పిల్లుల్లోనూ ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. రక్తం తాగే పురుగు నుంచి కాపాడతామని రక్తాన్నే పాడుచేసే వైద్యం ఇది.

కర్పూరం కొబ్బరినూనెలో కలిపి రాస్తారు. కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. పసిపిల్లలకు కూడా ఇది ప్రమాదమే. పడుకునే చోట వేసే నాఫ్తలీన్ ఉండలు కూడా విషమే. యూకలిప్టస్ నూనె, టీ ట్రీ నూనె లాంటి ఘాటు నూనెలు పిల్లికి అసలు పూయకూడదు. మన కాలేయం అలాంటి పదార్థాలను విరిచి బయటికి పంపినట్టు పిల్లి కాలేయం పంపలేదు. దానికి కావలసిన ఎంజైమ్ పిల్లిలో చాలా తక్కువ.

అన్నిటికంటే మంచి ఉదాహరణ చామంతి కుటుంబంలోని ఒక తెల్లపువ్వు. దాని నుంచి పైరెత్రమ్ అనే పురుగుమందు తీస్తారు. ఆ పువ్వులోని పదార్థాన్ని చూసి, దాని పోలికలోనే ఫ్యాక్టరీలో పర్మెత్రిన్ తయారుచేశారు. కుక్కలకు వాడే కొన్ని మందుల్లో అది ఉంటుంది. ఆ మందే పిల్లికి రాస్తే ప్రాణం పోవచ్చు. ఒకే రకం పదార్థం, ఒకటి పువ్వులో, ఒకటి ఫ్యాక్టరీలో. మరి సహజం అనే గీత ఎక్కడ గీస్తారు? ఏ మందైనా చూడాల్సింది మూడు సంగతులు. ఏ పదార్థం, ఎంత మోతాదు, ఏ జంతువుకు. చెట్టు నుంచి వచ్చిందా, సీసా నుంచి వచ్చిందా అనేది ఆ తర్వాతి ప్రశ్న.

వేపను తిట్టడం లేదు. వేపలో అజాడిరక్టిన్ ఉంది. పురుగుపిల్లలు ఎదగకుండా అది అడ్డుకుంటుంది. చల్లారిన పలచని వేపాకు నీళ్ళతో కుక్కను తుడిస్తే నష్టం లేదు, కొంత హాయిగా ఉంటుంది. కానీ చిక్కటి వేపనూనె ముద్దగా పూస్తే చర్మం మండుతుంది, నాకితే వాంతులు అవుతాయి. పైగా వేపనీళ్ళు కుక్క మీద పోసి ఇంట్లో చాప దులపకపోతే ఫలితం సున్నా. నిమ్మరసం, వెనిగర్, ఉప్పు కూడా అంతే. ఒకరోజు వాసనకు పురుగు పక్కకు జరగొచ్చు. గూట్లో ఉన్న పురుగుకు మీ నిమ్మకాయ సంగతే తెలియదు.

వదిలేసి వచ్చేవాళ్ళకు

"కుక్క ఉంటేనే కదా పురుగు? కుక్కను పంపేస్తే పీడ పోతుంది" అనేది వీళ్ళ తర్కం. వినడానికి బాగుంది. జరిగేది మాత్రం తలకిందులు.

గూట్లో తయారైన గెంతే పేను వెంటనే బయటికి రాదు. ఆహారం దగ్గరికి వచ్చిందని తెలిసేదాకా నెలల తరబడి లోపలే కాచుకుని ఉండగలదు. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఇవి తగిలితే బయటికి గెంతుతుంది. చాలా రోజులు తాళం వేసిన ఇల్లు తెరిచి లోపల అడుగు పెట్టగానే కాళ్ళ మీద పడేది అందుకే. మీరు కుక్కను పంపేశారు. పురుగుకు ఆకలి మాత్రం పోలేదు. ఇక ఇంట్లో మిగిలిన వెచ్చటి ఒళ్ళు ఎవరివి? మీవే, మీ పిల్లలవే.

ఈ పాఠం మన దేశం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. 1898లో బెంగుళూరుకు పాకింది. మల్లేశ్వరం, బసవనగుడి లాంటి పేటలు వెడల్పు వీధులతో, గాలి వెలుతురు వచ్చేలా పుట్టుకొచ్చింది ఆ ప్లేగు తర్వాతే. కోయంబత్తూరులో ఇప్పటికీ ప్లేగు మారియమ్మ గుళ్ళు ఉన్నాయి. ఆ 1898లోనే పాల్ లూయీ సైమండ్ అనే ఫ్రెంచి డాక్టరు కరాచీలో ప్రయోగం చేసి, ప్లేగును ఎలుక నుంచి ఎలుకకు మోసేది ఎలుకల మీద ఉండే గెంతే పేను అని చూపించాడు. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడగానే పురుగు దాన్ని వదిలి ఇంకో వెచ్చటి ఒంటిని వెతుక్కుంటుంది. అక్కడ మనిషి ఉంటే మనిషినే కుడుతుంది.

భయపడకండి. అది ఎలుక పురుగు, మన కుక్క మీద ఉండేది వేరే జాతి. ప్లేగు వస్తుందని నేను చెప్పడం లేదు. చెప్పేది ఒక్కటే. పాత ఒళ్ళు దొరక్కపోతే పురుగు కొత్త ఒంటిని వెతుక్కుంటుంది. కుక్కను తరిమితే పురుగు పోదు, దాని కంచం మారుతుంది, అంతే.

ఇక వదిలేసిన కుక్క సంగతి. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధిలో తిండి వెతుక్కోవడం రాదు. వీధి కుక్కలు దాన్ని చేరనివ్వవు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 నుంచి ఉంది. ఆ చట్టం రావడానికి పాటుపడింది మద్రాసులో కళాక్షేత్ర పెట్టిన రుక్మిణీదేవి అరండేల్. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం దాని 11వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటి తప్పుకు జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. ఒక ప్రాణం విలువ ఒక ప్లేటు ఇడ్లీ! ఆ జరిమానా పెంచాలని పెద్దవాళ్ళు అడగాలి. కానీ జరిమానా తక్కువ కాబట్టి తప్పు కూడా తక్కువే అనుకోవడం మన సిగ్గు. అన్ని ప్రాణుల మీదా దయ చూపడం మన ప్రాథమిక విధి అని సాంఘికశాస్త్రం పుస్తకంలో 51ఎ అధికరణం కింద చదివి, పరీక్షలో మార్కులు తెచ్చుకుంటున్నది మనమే కదా.

మరి సహజమైన పద్ధతి లేదా?

ఉంది. సీసాలో లేదు. చీపురు, దువ్వెన, ఎండ, వేడినీళ్ళు, సబ్బు. ఈ అయిదు చాలు, కానీ రోజూ చేయాలి.

మొదటిది దువ్వెన. పళ్ళు బాగా దగ్గరగా ఉన్న ఈరు దువ్వెనతో రోజూ పది నిమిషాలు దువ్వాలి. మెడ, చెవుల వెనక, తోక మొదలు, పొట్ట. పక్కన మగ్గులో సబ్బు నీళ్ళు పెట్టుకోండి. దువ్వెనలో దొరికిన పురుగును అందులో ముంచండి. మామూలు నీళ్ళలో వేస్తే తేలి మళ్ళీ గెంతుతుంది. సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తుంది కాబట్టి మునిగిపోతుంది. సబ్బు లేకపోతే కుంకుడుకాయ రసమైనా అదే పని చేస్తుంది. పిల్లికి స్నానం పెద్ద గొడవ, దానికి దువ్వెనే మేలు.

రెండోది స్నానం. వారానికి ఒకసారి, కుక్కల సబ్బుతో. ముందు మెడ చుట్టూ నురగ పట్టించాలి, లేకపోతే పురుగులన్నీ తల మీదికి, చెవుల్లోకి పరిగెడతాయి. నురగను అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. బట్టల సోడా, గిన్నెల పొడి కుక్క ఒంటికి వద్దు. కుంకుడు రసం కూడా కళ్ళలో పడనివ్వకండి.

మూడోది పక్క. కుక్క పడుకునే గోనె, దుప్పటి వారానికి రెండుసార్లు మరిగే నీళ్ళలో నానబెట్టి ఉతికి, నడి ఎండలో ఆరేయాలి. ఉతకలేని పరుపును నిలబెట్టి రెండు వైపులా ఎండ తగలనివ్వాలి. తేమ లేకపోతే గుడ్డూ పిల్లా రెండూ బతకవు.

నాలుగోది చీపురు. రోజూ మంచం కింద, బీరువా వెనక, గడప సందుల్లో, మెట్ల కింద ఊడవాలి. ఊడ్చిన చెత్తను వాకిట్లో పోస్తే పురుగు మళ్ళీ లోపలికే వస్తుంది. కవర్లో వేసి గట్టిగా ముడి కట్టి పారేయాలి. తర్వాత తడిగుడ్డతో తుడిచి, ఫ్యాన్ వేసి నేలను ఆరబెట్టాలి. గచ్చు పగుళ్ళు ఉంటే కాస్త సిమెంటుతో పూడ్చండి. మట్టిల్లు అయితే అలికి పూడ్చండి. అయితే ఇల్లలకగానే పండగ కాదు. గూట్లో ఉన్నవి ఆలస్యంగా వస్తాయి కాబట్టి మూడు వారాలు ఒక్కరోజు కూడా వదలకుండా చేయాలి. ఆ తర్వాత ఇంకో రెండు నెలలు వారానికి రెండు మూడుసార్లు చేయాలి. నాలుగు రోజులు చేసి "ఏం లాభం లేదు" అనేవాళ్ళు పురుగు క్యాలెండర్ చూడని వాళ్ళు.

రాత్రిపూట పళ్ళెంలో సబ్బు నీళ్ళు పోసి పైన చిన్న లైటు పెడితే కొన్ని వచ్చి పడతాయి. అది ఇంకా ఉన్నాయా లేదా అని లెక్క తెలుసుకోవడానికి, వదిలించుకోవడానికి కాదు.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే, లేదా కుక్కపిల్ల చిగుళ్ళు తెల్లబోతే, చర్మం పుండ్లు పడితే, పెంటలో బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనిపిస్తే, ఇక ఇంటి వైద్యం ఆపి ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్ళాలి. ఆ బియ్యపు గింజలు బద్దెపురుగు ముక్కలు. గెంతే పేనును కొరికి మింగితే అది కడుపులోకి చేరుతుంది. చిన్నపిల్లలకు కూడా అలాగే రావచ్చు. గోమార్లు ఉన్నా డాక్టరు దగ్గరికే వెళ్ళాలి, అవి జ్వరాలు మోస్తాయి. డాక్టరు మందు ఇస్తే అది నేచురల్ కాదని వెనక్కి తోయకండి. బరువు చూసి, జంతువును చూసి ఇచ్చిన మందు, ఎవరో చెప్పిన కషాయం కంటే నమ్మదగింది.

చీపురు ఎవరి చేతిలో ఉంది?

ఇక్కడ కొందరికి కోపం వస్తుంది, అయినా రాస్తాను. పైన రాసినవన్నీ చదివి "ఇంత పని ఎవరు చేస్తారు? టైం ఎక్కడుంది?" అంటారు. ఈ ప్రశ్న ఎక్కువగా అడిగేది ఎప్పుడూ చీపురు పట్టని వాళ్ళే.

కుక్కపిల్ల కావాలని ఏడ్చి తెచ్చేది ఎక్కువగా మన తమ్ముళ్ళు, అన్నలు. దానికి పేరు పెట్టేది వాళ్ళు. సాయంత్రం వీధిలో గొలుసు పట్టుకుని తిరిగేది వాళ్ళు. దాని పక్క ఉతికేది అమ్మ. అది పడుకున్న చోట ఊడ్చేది నాలాంటి ఆడపిల్లలు. పురుగు పట్టగానే "ఇల్లు శుభ్రంగా పెట్టుకోరా?" అని మాట పడేదీ అమ్మే. పొద్దున అయిదింటికి లేచి వంట చేసి, పనికి పోయి, రాత్రి ఎనిమిదింటికి వచ్చే అమ్మకు ఇంకో మూడు వారాల పని ఎక్కువైతే, ఆమె "ఆ కుక్కను ఎక్కడైనా వదిలేయండి" అనడంలో ఆశ్చర్యం ఏముంది? ఆ మాట ఆమె రాతిగుండెతో అన్నది కాదు, అలసిపోయి అన్నది.

కిరోసిన్ ఎందుకు పోస్తారు? ఒక్క నిమిషంలో అయిపోతుంది కాబట్టి. చెరువుగట్టు మీద ఎందుకు వదులుతారు? ఒక్క సాయంత్రంలో అయిపోతుంది కాబట్టి. మూడు వారాల పనిని ఇంట్లో నలుగురూ పంచుకుంటే ఆ ఒక్క నిమిషం దారి ఎవరికీ అక్కర్లేదు. దువ్వడం పది నిమిషాలు. ఊడవడం పావుగంట. పక్క ఆరేయడం అయిదు నిమిషాలు. మొత్తం అరగంట. క్రికెట్టులో ఏడు ఓవర్లకు పట్టే సమయం.

పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరికిందట. మనం బద్ధకానికి పెత్తనం ఇచ్చాం. అది కుక్క ప్రాణం దాకా వచ్చింది.

నేను అడిగేది

తోటి విద్యార్థులారా, ఇంట్లో జంతువు ఉన్న ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా అబ్బాయిలు, ఈ మూడు వారాల పట్టీ రాసి గోడకు అంటించండి. ఏ రోజు ఎవరు దువ్వారు, ఎవరు ఊడ్చారు, ఎన్ని పురుగులు దొరికాయి, రాయండి. దొరికిన పురుగుల సంఖ్యతో గ్రాఫ్ గీస్తే లెక్కల ప్రాజెక్టు కూడా అయిపోతుంది.

అమ్మలకు, నాన్నలకు నా మనవి. కుక్కపిల్ల తెచ్చే ముందే ఎవరు ఏ పని చేస్తారో తేల్చుకోండి. తేలకపోతే తేకండి. తెచ్చిన తర్వాత మాత్రం పురుగు పేరుతో దాన్ని బయటికి పంపకండి.

సార్లకు, టీచర్లకు కూడా ఒక మాట. మన సైన్స్ క్లబ్బు తరఫున వానలు మొదలవకముందే పశువుల డాక్టరుగారిని ఒక పూట బడికి పిలవండి. మేము దువ్వెనలు, తెల్లగుడ్డలు తెస్తాం. మీరు అనుమతిస్తే మా కుక్కలను కూడా తెస్తాం.